ముందుగా చెప్పని మలుపు

నేను ఒక తీగను. ఇనప తీగను. ఇంతవరకూ నాకే అనుమానమూ లేదు. ఆపైన మాత్రం నన్నేమీ గుచ్చి గుచ్చి అడక్కండి. నీ అసలు ఆకారమేమిటే అని ఎవరైనా నిలదీస్తే నేను నీళ్లు నమలాల్సిందే. ఎవరి చేతిలో పడితే వాళ్లు ఎటు వంచితే అటు వంగాను. ఎందుకు వంచారో చెప్పిన మహానుభావుడు ఒక్కడు లేడు.

పుట్టుకలోనే ఈ గందరగోళం మొదలైంది. ఫ్యాక్టరీలో లావుపాటి కడ్డీని పట్టుకుని సన్న బెజ్జంలోంచి లాగారు. అక్కణ్ణుంచి ఇంకా సన్న బెజ్జంలోంచి, మళ్లీ ఇంకా సన్న బెజ్జంలోంచి. అబ్బ, ఏం లాగుడు! ఒళ్లంతా సాగిపోయి, ఏ వంకా లేకుండా తిన్నగా బయటపడ్డాను. అమ్మయ్య, ఇక ఇలాగే హాయిగా బతికేయొచ్చు అనుకున్నానో లేదో, పక్కనే తిరుగుతున్న డ్రమ్ముకి నన్ను చుట్టేశారు. చుట్టేసేదానికి అంత కష్టపడి తిన్నగా లాగడమెందుకు? అంత కష్టపడి లాగినవాళ్లు మళ్లీ చుట్టడమెందుకు? ఇది మనుషుల పని. నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాలేదు.

శృంగవరపుకోట బజారులో ఒక ఇనపసామాన్ల కొట్లో గోడమేకుకి చుట్టగా వేలాడుతూ కొన్నాళ్లున్నాను. ఒకరోజు ఖాకీ చొక్కా వేసుకున్న సన్నటి మనిషి వచ్చి, "బంపరూడిపోతంది బావూ, గట్టి తీగొకటి కొయ్యి" అన్నాడు. కొట్టువాడు కటింగ్ ప్లేయరు తీసి నన్ను నా చుట్టలోంచి వేరు చేశాడు. ఆ సన్నటి మనిషి పేరు గాసన్న. అనంతగిరి దాటాక, కాఫీ తోటల పక్కనున్న ఒక రిసార్టులో వ్యాను డ్రైవరు. విశాఖపట్నం నుంచి రైల్లోనో బస్సులోనో కోటలో దిగిన అతిథుల్ని వ్యానెక్కించుకుని ఘాటీ రోడ్డు ఎక్కించడం, చూడ్డం అయ్యాక మళ్లీ దింపడం అతని పని.

అలా నేను బంపరుకి కట్టుతీగనయ్యాను. ఎదురుగా రోడ్డు, కింద లోయ, ముఖాన దుమ్ము. ఘాటీలో మలుపుల్ని ముందుగా చూసేది నేనే. గాసన్న కంటే ముందు, చక్రాల కంటే ముందు. కొన్ని మలుపులు నెమ్మదిగా తిరుగుతాయి, తిరిగినట్టే తెలియదు. కొన్ని ఉన్నట్టుండి పక్కకి పడిపోతాయి. కొన్నయితే వచ్చిన దారినే వెనక్కి చూపిస్తాయి. అక్కడ గాసన్న స్టీరింగు మొత్తం తిప్పి, తిప్పిన చేతుల్ని చొక్కాకి తుడుచుకునేవాడు. నేను వాటన్నిటినీ ఒళ్లంతా వణుకుతూ తెలుసుకున్నాను. మాటల్లో చెప్పమంటే మాత్రం నాకు మాటల్లేవు.

డ్రైవర్లకి ఉన్నాయి. ఘాటీ డ్రైవర్లు ప్రతి మలుపుకీ ఒక పేరు పెట్టుకున్నారు. పనసచెట్టు మలుపు. కోతుల మలుపు. ఊట మలుపు. పెళ్లికొడుకు మలుపు అని ఒకటుంది, ఎవరో కొత్త పెళ్లికొడుకు అక్కడికి రాగానే పట్టుబట్టల మీద వాంతి చేసుకున్నాట్ట పాపం. అయితే వాళ్లకొక కట్టుబాటుంది. మలుపు రాకముందు దాని ఊసెత్తకూడదు. దాటాక ఎంతసేపైనా మాట్లాడుకో, తిట్టుకో, నవ్వుకో. దాటకముందు "అదిగో మలుపొస్తోంది" అన్నావంటే దాన్ని పిలిచినట్టే, పిలిస్తే అది వదలదు అని వాళ్ల నమ్మకం. అందుకని డ్రైవరు పక్కన ఎవరు కూర్చున్నా, ఎంత కబుర్ల పోగైనా, మలుపు దగ్గరపడేసరికి నోరు కట్టేసుకుంటాడు. దాటగానే ఇద్దరూ ఊపిరి వదిలి, "కోతులదెల్లిపోయింది" అనుకుంటారు. నాకది వింతగా ఉండేది. ముప్పు రాకముందు మాట్లాడాలి గానీ దాటాక మాట్లాడితే ఏం లాభం? కానీ తీగకి సలహాలడిగేదెవరు?

అసలు తిప్పలు వానాకాలం వెళ్లగానే వచ్చాయి. ఇంకో డ్రైవరు తీసుకొస్తున్న వ్యానులో ఒక అతిథి లేచి నిలబడి, కిటికీలోంచి వంగి, లోయని ఫోటో తీయబోయాడు. అంతలో మలుపు తిరిగింది. ఆయన మోచెయ్యి విరిగింది. రిసార్టు మేనేజరు దినకర్‌కి చెమటలు పట్టాయి. మర్నాడే డ్రైవర్లందర్నీ పిలిచి ఒక హుకుం జారీ చేశాడు. ఇకనించి ప్రతి మలుపుకీ ముందు డ్రైవరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పాలి. ఎలాంటి మలుపో చెప్పాలి. ఏం పట్టుకోవాలో చెప్పాలి. నేర్పడానికి టీచరుని పిలిపిస్తున్నాం. నేర్చుకున్నవాళ్లు ఘాటీ మీద బండి నడుపుతారు. రానివాళ్లని స్టీరింగు దగ్గర కూర్చోబెట్టం, తోటలో నీళ్లు పెట్టుకోవచ్చు.

గాసన్న ముఖం మాడిపోయింది. అతనికి బండి తప్ప వేరే లోకం లేదు. కొండవాళ్లలో ఆ ఘాటీ మీద స్టీరింగు పట్టిన కొద్దిమందిలో ఒకడు అతను. భోజనం మానమంటే మానేస్తాడు గానీ బండి దిగమంటే దిగడు. ఆ సాయంత్రం కొత్త బంపరు వేయించి, నన్ను విప్పి, పారేద్దామా అని చెయ్యెత్తి, ఏమనుకున్నాడో సీటు కింద పడేశాడు. ఇంత పెద్ద గొడవలో నా సంగతి ఆలోచించే ఓపిక ఎవరికుంటుంది?

టీచరు విజయనగరం నుంచి వచ్చింది. పేరు హైమావతి. పాతికేళ్లుంటాయి, గొంతు మాత్రం ఖంగుమంటుంది. ఘాటీ ఎక్కి వచ్చేలోపే మూడుసార్లు బండి ఆపించింది. దిగి, ముఖం కడుక్కుని, "ఈ రోడ్డుకి ఎన్ని ఇంగ్లీషు మాటలున్నా నా కడుపులోంచి వచ్చేది ఒకటే మాట" అంది. డ్రైవర్లు నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. అప్పుడే ఆవిడ వాళ్లకి నచ్చేసింది.

భోజనాల హాల్లో, మధ్యాహ్నం అతిథులు నిద్రపోయే వేళ క్లాసు. "వంచడానికి ఏదైనా ఇవ్వండి, చూపిస్తాను" అంది హైమావతి. గాసన్న వెళ్లి సీటు కిందనుంచి నన్ను తెచ్చిచ్చాడు. ఆవిడ నన్ను తుడిచి, రెండు చేతుల మధ్య తిన్నగా సాగదీసింది. ఒక్క క్షణం నాకు పుట్టినరోజు గుర్తొచ్చింది. తరవాత మొదలుపెట్టింది.

నెమ్మదిగా ఒంచి, "ఇది జెంటిల్ కర్వ్" అంది. టక్కున విరిచినట్టు ఒంచి, "ఇది షార్ప్ బెండ్" అంది. అటూ ఇటూ తిప్పి, "ద రోడ్ ట్విస్ట్స్ అండ్ టర్న్స్" అంది. ఎడమకి వంచి, "ద రోడ్ కర్వ్స్ టు ద లెఫ్ట్". అవతల ఏముందో కనబడకుండా చెయ్యడ్డం పెట్టి, "బ్లైండ్ కర్వ్". చివరికి నన్ను నట్టనడుమ మడిచి, తన జడలోంచి పిన్ను తీసి పక్కన పెట్టి, "ఇది హెయిర్‌పిన్ బెండ్. ఈ పిన్నులాగే వెళ్లి, ఈ పిన్నులాగే వెనక్కొస్తుంది" అంది.

అయ్యబాబోయ్, నా అవస్థ చూడండి! ఇన్నాళ్లూ నేను వంగాను అంటే వంగానంతే. ఇప్పుడు ఒక్కొక్క వంపుకీ ఒక్కొక్క పేరు, ఆ పేరుకి ముందు మళ్లీ ఒక తోక. జెంటిల్ అంటే సౌమ్యం అట. వంపు సౌమ్యంగా ఉండడమేమిటి, అది ఎవర్నైనా పలకరిస్తుందా? షార్ప్ అంటే పదునట. మలుపు పదునైతే కూరగాయలు తరగొచ్చా?

నా మనసులో మాటే గాసన్న పైకి అడిగాడు. "మేడంగారూ, షార్ప్ కర్వ్ అంటే తప్పేటండి? జెంటిల్ బెండ్ అంటే ఏటండి?"

"తప్పు కాదు" అంది హైమావతి. "కొన్ని మాటలు జంటగా తిరుగుతాయి గాసన్నగారూ. ఇడ్లీకి చట్నీ, పూరీకి కూర. పూరీని ఆవకాయతో తింటే ఎవరూ పోలీసుల్ని పిలవరు. కానీ హోటల్లో అడిగితే సర్వరు ఒకసారి మీ ముఖం చూస్తాడు."

"మా ఇంటికాడ తింటామండి" అన్నాడు గాసన్న చాలా బుద్ధిగా. హాలంతా గొల్లుమంది.

మలుపుల తరవాత మనుషుల వంపులు. నన్ను తల, చేతులు, కాళ్లు ఉన్న మనిషిగా తిప్పింది. "డోంట్ లీన్ అవుట్ ఆఫ్ ద విండో" అంటూ నా నడుం పక్కకి వంచింది. "బెండ్ డౌన్, లీన్ బ్యాక్, కీప్ యువర్ ఎల్బోస్ ఇన్". ముందుకి వంగితే ఒక మాట, పక్కకి వాలితే ఒక మాట, వెనక్కి జారగిలబడితే ఇంకో మాట, ముడుచుకు పడుకుంటే మరొకటి. సాయంత్రానికి నా ఒళ్లు హూనమైంది. రాత్రి సొరుగులో పడుకుని, ఇంతకీ నేను బెండునా కర్వునా అని ఆలోచించాను. తేలలేదు.

గాసన్న మాత్రం అందరికంటే ముందు నేర్చేసుకున్నాడు. కారణం ఉంది. అతను చదివి నేర్చుకోలేదు, నన్ను చేతిలో పెట్టుకుని వంచుతూ నేర్చుకున్నాడు. ఒక్కొక్క వంపూ అతని చేతులకి ఎప్పటినుంచో తెలిసిందే, పేరొక్కటే కొత్త. హైమావతి మురిసిపోయింది. మేనేజరుకి కూడా చెప్పింది. ఇంకేం, గట్టెక్కాడనుకున్నాను.

మర్నాడు ఖాళీ వ్యానులో ప్రాక్టీసు. గాసన్న నడుపుతున్నాడు, హైమావతి వెనక సీట్లో నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంది, నేను డాష్‌బోర్డు మీద ఉన్నాను. మొదటి మలుపు వచ్చింది. గాసన్న నోరు మెదపలేదు. మలుపు తిరిగింది, దాటింది. అప్పుడు గాసన్న గొంతు సవరించుకుని, "షార్ప్ బెండ్ అహెడ్! ప్లీజ్ హోల్డ్ ఆన్!" అన్నాడు.

హైమావతి వెనక్కి తిరిగి చూసింది. "ఎక్కడండీ అహెడ్?"

రెండో మలుపూ అంతే. దాటాక, "ద రోడ్ కర్వ్స్ టు ద రైట్" అన్నాడు. మాట తప్పులేదు, పలకడం తప్పులేదు. మలుపే వెనకబడిపోయింది. ఇలాగే కొండ దిగేవరకూ, ప్రతి మలుపునీ దాటనిచ్చి, దానికి చక్కటి ఇంగ్లీషులో వీడ్కోలు చెప్పాడు. నేను నవ్వాలా, ఏడవాలా? ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. "అహెడ్ అంటే ముందు అని అర్థమైందా?" అని అడిగింది. "అయిందండి" అన్నాడు. "మరి?" అంటే తల వంచుకున్నాడు.

రిసార్టుకి తిరిగొచ్చాక హైమావతి ఒక ఉపాయం వేసింది. "మీ ఘాటీ మొత్తం ఈ తీగతో చేసి చూపించండి. కింద కోట, పైన అనంతగిరి. ఎక్కడెక్కడ ఏ మలుపో నాకూ తెలుస్తుంది" అంది. గాసన్న సంతోషంగా కూర్చున్నాడు. కింది కొసనుంచి మొదలుపెట్టి, బొటనవేలితో నొక్కుతూ, చూపుడువేలితో తిప్పుతూ నన్ను ఘాటీ రోడ్డు చేశాడు. పనసచెట్టు, కోతులు, ఊట, పెళ్లికొడుకు. బంపరు మీద నేను చూసిన రోడ్డు నా ఒంటి మీదికే వచ్చింది. ఆ కాసేపే నేనేమిటో నాకు కాస్త తెలిసినట్టనిపించింది. కానీ ఊట దాటాక ఒకచోట అతని వేళ్లు ఆగాయి. అక్కడ హెయిర్‌పిన్ ఉంది, నాకు తెలుసు. ఎన్నిసార్లు చూశాను! గాసన్న నన్నక్కడ వంచలేదు. తిన్నగా వదిలేసి, పైకి వెళ్లిపోయాడు.

ఇదేమిటి? మర్చిపోయాడా? గాసన్నా మర్చిపోయేది! నాకు మతిపోయింది. హైమావతి కూడా పొద్దున ఆ దారినే వచ్చింది కదా, అక్కడ ఆవిడ కడుపు తిప్పింది కూడా. వేలు పెట్టి చూపించి, "ఇక్కడ రోడ్డు తిన్నగా ఉందా గాసన్నగారూ?" అని మెల్లిగా అడిగింది.

అప్పుడు గాసన్న చెప్పాడు. చాలా ఏళ్ల క్రితం, అతనికి మీసాలు వస్తున్న వయసులో, బావ నడుపుతున్న జీపులో పక్కన కూర్చుని కోట సంతనుంచి వస్తున్నాడు. బావంటే అక్క బుద్రి పెనిమిటి. అక్కని వాళ్లు అప్ప అంటారు. జీపు నిండా జనం, సంచులు, పనసపండ్లు. ఆ మలుపు దగ్గరికి రాగానే గాసన్న, "బావా, మలుపు" అన్నాడు. కుర్రతనం, కట్టుబాటు తెలియనితనం. మరుక్షణం జీపు లోయవైపు జారింది. ముగ్గురు పోయారు. అందులో బావ ఒకడు.

"నేను పిలిసినాను మేడంగారూ" అన్నాడు గాసన్న. "పిలిసినాను కాబట్టే వచ్చింది. మా అప్ప ముకం సూసి ఆ మాట ఇప్పటికీ అనలేదు నేను."

హైమావతి కళ్లు నిండిపోయాయి. మనుషులకి ఇలాంటప్పుడు ఏమని చెప్పాలో ఏ భాషలోనూ జంటమాటలున్నట్టు లేవు. చివరికి ఆవిడ, "మీరు మలుపుని పిలవడం లేదు గాసన్నగారూ. వెనక కూర్చున్న మనిషిని పట్టుకోమంటున్నారు. మాట వాళ్లకి, మలుపుకి కాదు" అంది.

"మలుపుకి ఇనబడదా మరి?"

"ఇంగ్లీషులో కదా చెప్పేది, దానికేం తెలుస్తుంది?"

గాసన్న దీని గురించి చాలా తీవ్రంగా ఆలోచించాడు. "రోజూ టూరిస్టులు ఆ భాషే మాటాడతన్నారండి. ఈపాటికి దానికొచ్చేసుంటది."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఏడుపు మధ్యలో నవ్వు, అది నాకెప్పుడూ అంతుబట్టదు. కానీ ఆ నవ్వు తరవాత గాసన్న కొంచెం సడలాడు. వెనకవాళ్ల కోసం చెబుతున్నాను అనుకుంటే మిగతా మలుపులకి నోరు తెరవగలనన్నాడు. ఆ ఒక్కటి మాత్రం చంపినా చెప్పనన్నాడు. చంపినా అనే మాట అనేసి, నాలిక్కరుచుకున్నాడు.

పరీక్ష రోజు, కోటనుంచి పైకొచ్చేటప్పుడు, మేనేజరు దినకర్ గాసన్న పక్క సీట్లో కూర్చున్నాడు. వెనక హైమావతి, మరికొందరు పనివాళ్లు అతిథుల్లా కూర్చున్నారు. పొగమంచు ఇంకా పోలేదు. ఒక్క మలుపు తప్పినా బండి తాళాలు తీసేసుకుంటానని దినకర్ ముందే చెప్పాడు. గాసన్న చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. మొదటి మలుపు కనబడగానే, "జెంటిల్ కర్వ్ టు ద లెఫ్ట్" అన్నాడు. ముందే! ఇంకా మలుపు రాకముందే! ఇంకొంచెం దూరం పోయాక, "బ్లైండ్ కర్వ్, హోల్డ్ ఆన్". మరో చోట, "షార్ప్ బెండ్ అహెడ్, డోంట్ లీన్ అవుట్". అనేటప్పుడు ఒక్కో మాటకీ అతని మెడ నరం ఉబ్బేది, దాటాక బుస్సుమని ఊపిరి వదిలేవాడు. దినకర్ తలాడిస్తున్నాడు. నాకు ధైర్యం వచ్చింది, వచ్చిన ధైర్యం ఊట దాటగానే పోయింది.

ఆ మలుపు మంచులోంచి వస్తోంది. గాసన్న పెదాలు కదిలాయి. మాట రాలేదు. దినకర్ అతనివైపు తిరిగాడు. నేను డాష్‌బోర్డు మీద నా ఇనప ప్రాణమంతా ఉగ్గబట్టుకుని, అనరా నాయనా, ఒక్క మాట, అనేసెయ్యి అనుకున్నాను. అతని చెంపమీదనుంచి చెమట కారుతోంది. అనలేదు.

"హెయిర్‌పిన్ బెండ్ అహెడ్! ఎవ్రీబడీ, హోల్డ్ ఆన్ టైట్!"

వెనకనుంచి హైమావతి. గొంతు ఖంగుమంది. వ్యాను మలుపు తిరిగింది, చక్కగా, మెత్తగా, గాసన్న చేతులు ఎప్పుడూ తిప్పినంత నేర్పుగా.

"మీరెందుకు చెప్పారు మేడం?" అన్నాడు దినకర్ చిరాగ్గా. "పరీక్ష ఆయనకా మీకా?"

"ఆ ఒక్క మలుపు నాది సార్" అంది హైమావతి. "మిగతావన్నీ ఆయనవి. రూలు ఏమిటి, ముందుగా చెప్పాలని కదా. చెప్పామా లేదా?"

దినకర్ వెనక్కి తిరిగి చూస్తే అందరూ సీటు కమ్మీలు గట్టిగా పట్టుకుని ఉన్నారు. అతనికి కావలసింది అదే. "సరే, కానీ మీరు రోజూ ఈ బండిలో తిరగరు కదా, అప్పుడెలా?" అన్నాడు. "అతిథుల చేత చెప్పిద్దాం సార్, సరదాగా ఉంటుంది" అని హైమావతి ఆ క్షణంలో నోటికొచ్చింది చెప్పేసింది. దినకర్ వ్యాపారస్థుడు కదా, కళ్లు మెరిశాయి. తాళాలు గాసన్న దగ్గరే ఉన్నాయి. హైమావతి నన్ను వ్యాను అద్దానికి తగిలించి, చెయ్యూపి, నిమ్మకాయలు కొనుక్కుని విజయనగరం వెళ్లిపోయింది.

ఇక చూడండి మనుషుల వింత! ఆ మలుపు రిసార్టులో పెద్ద ఆకర్షణ అయిపోయింది. ఊట దాటగానే గాసన్న చెయ్యెత్తుతాడు. వ్యానులో వాళ్లంతా ఒక్కసారిగా, "హెయిర్‌పిన్ బెండ్! హోల్డ్ ఆన్!" అని గొంతులు చించుకుని అరుస్తారు, చప్పట్లు కొడతారు, ఫోనుల్లో తీసుకుంటారు. భార్యాభర్తలు పోట్లాట మానేసి అరుస్తారు. గంభీరమైన పెద్దమనుషులు కూడా టోపీ సరిచేసుకుని అరుస్తారు. అక్కడ ముగ్గురు పోయారని వాళ్లలో ఎవరికీ తెలియదు. అందరూ అరుస్తారు, గాసన్న ఒక్కడే నోరు మూసుకుని స్టీరింగు తిప్పుతాడు. అద్దానికి వేలాడుతూ నేనా ముఖాన్ని చూసేదాన్ని. ఇది మంచికి జరిగిందో, చెడ్డకి జరిగిందో ఎంత ఆలోచించినా నాకు తెగేది కాదు. పుండు మీద పాట పాడించినట్టుంది. పుండు మాత్రం పుండుగానే ఉంది.

మళ్లీ వానలు వచ్చాయి. కొండచరియ విరిగి రైలు పట్టాల మీద పడింది, రైళ్లు ఆగిపోయాయి. ఆ పొద్దున వ్యాను బయల్దేరుతుంటే ఒక నడివయసు మనిషి గొడుగేసుకుని పరుగున వచ్చింది. ముక్కుకి కొండవాళ్ల పోగులు, చంకలో చేతిసంచి. గాసన్న అప్ప బుద్రి. బావ పోయినప్పటినుంచి ఆవిడ ఘాటీ రోడ్డు మీద బండెక్కలేదు. కోటకి వెళ్లాలంటే రైలే. ఇప్పుడు రైలు లేదు, కోట ఆస్పత్రిలో కూతురు పురిటినొప్పులు పడుతోంది.

"ఎక్కప్పా" అన్నాడు గాసన్న. పక్క సీటు తుడిచాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. వెనక హైదరాబాదు నుంచి వచ్చిన కుటుంబాలు కబుర్లాడుకుంటున్నాయి. గాసన్న ఒక్కొక్క మలుపుకీ ముందుగా ఇంగ్లీషు చెప్పుకుంటూ దిగుతున్నాడు. బుద్రి కళ్లు మూసుకుని కూర్చుంది. ఈసారి దిగుడు కాబట్టి ఆ మలుపు ఊటకి ముందే వస్తుంది. గాసన్న చెయ్యెత్తాలా వద్దా అని తటపటాయించాడు. ఎత్తకపోతే ఎవరూ చెప్పరు. ఎత్తాడు.

"హెయిర్‌పిన్ బెండ్! హోల్డ్ ఆన్!" అని వ్యాను దద్దరిల్లింది.

బుద్రి ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. వ్యాను మలుపు తిరిగింది. లోయ కనబడి, మాయమైంది.

"ఏటలా అరుత్తన్నారు?" అంది.

"మలుపొస్తంది, గట్టిగా అట్టుకోండి అని."

ఆవిడ వెనక్కి తిరిగి అందర్నీ చూసింది. "ఇంతమందీనా? ఆరోజు నువ్వొక్కడివే సెప్పినావు."

గాసన్న కాలు బ్రేకు మీదికి వెళ్లింది. వ్యానుని రోడ్డు పక్కకి తీసి ఆపేశాడు. "నువ్విన్నావా అప్పా?"

"ఎనక నానూ ఉన్నాను గదరా. ఇన్నాను. బావా మలుపు అన్నావు. నాను గబుక్కున కమ్మీ అట్టుకున్నాను. నా పక్కనున్న ఇద్దరూ అట్టుకోనేదు, ఆళ్లు పోయినారు." బుద్రి సంచిని ఒళ్లోకి లాక్కుంది. "మీ బావకి ఇనబడనేదు. ఆయన ఎనక్కి తిరిగి సూత్తన్నాడు. నానే పిలిసినాను, పనసపండు జారిపోతంది అందుకోమని. ఈ రోడ్డు మీదికి ఏ ముకం ఎట్టుకుని వొస్తాను సెప్పు?"

ఇన్నేళ్లూ తప్పు నాదేననుకుంటూ ఇతనిటు, ఆవిడటు! ఒకే ఊళ్లో, ఒకే చావిడి ముందు! గాసన్న తల స్టీరింగుకి ఆనించి, పెద్దవాడు ఏడవకూడదన్న ధ్యాస కూడా లేకుండా వెక్కి వెక్కి ఏడ్చాడు. బుద్రి అతని వీపు మీద చెయ్యేసింది. "నువ్వు సెప్పబట్టే నానున్నాను రా" అంది. "ఊరుకో. నీ మేనకోడలు ఎదురుసూత్తాది."

వెనకనించి ఒకాయన ముందుకి వంగి, "ఏమైంది, వ్యూ పాయింటా?" అని అడిగాడు. ఎవరూ జవాబు చెప్పకపోయేసరికి, అదే అనుకుని దిగి, లోయని ఫోటో తీసుకున్నాడు. అతని వెనకే మిగతావాళ్లూ దిగారు. ఎవరి ముఖాల్లోనూ తొందర లేదు, వాన కూడా తగ్గింది.

కోటలో బుద్రిని ఆస్పత్రి దగ్గర దింపి, కొత్త అతిథుల్ని ఎక్కించుకుని గాసన్న తిరిగి బయల్దేరాడు. ఊట దాటింది. రిసార్టు వాళ్లు ముందే చెప్పి ఉంచారేమో, వెనకవాళ్లు ఫోనులు పట్టుకుని, నోళ్లు తెరిచి, అతని చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని కాచుకుని ఉన్నారు. గాసన్న చెయ్యెత్తలేదు. అతని మెడ నరం ఉబ్బలేదు కూడా.

"హెయిర్‌పిన్ బెండ్ అహెడ్. గట్టిగా పట్టుకోండి" అన్నాడు, వ్యానులో చివరి సీటుదాకా వినబడేలా.

వెనక సీట్లో ఒకావిడ ఫోను ఒళ్లో పడేసి కమ్మీ పట్టుకుంది.